ఛత్రి ముందర చలి కాచుకున్న కనకవ్వ

మూడింటికి లైవ్. దానికి ఇంకా చాలా సేపుంది, అయినా నవ్యశ్రీ గుప్పిట్లోని తాళంచెవి అప్పుడే చెమటకు జారిపోతోంది. చిటికెన వేలంత తాళంచెవి, దానికో ఎర్ర బిళ్ళ. దీన్ని పెట్టి తిప్పితేనే టీవీ ఛానల్ వ్యానులోని యాంప్లిఫయర్ మేల్కొంటుంది, పైకప్పు మీది ఛత్రి, అదే డిష్ యాంటెన్నా, బొమ్మనూ మాటనూ ఆకాశంలోకి తోస్తుంది, ఉపగ్రహం అందుకుని హైదరాబాదు స్టూడియోలో దింపుతుంది. తిప్పకపోతే ఇంత పెద్ద బండీ ఒట్టి రేకుడబ్బా. లోపల ఏసీ హోరు, వెనక జనరేటర్ దడదడ, తడిసిన వైర్ల వాసన, బయట లక్సెట్టిపేట లోతట్టు వాడలోంచి పారుతున్న గోదావరి నీళ్ళ చప్పుడు. ఇవన్నీ పొద్దున్నుంచీ ఉన్నవే, పొద్దున తనకేమీ అనిపించలేదు. ఇప్పుడు ఒళ్ళంతా మండిపోతోంది. పైన, సరిగ్గా తన నెత్తి మీద, రేకు టక్కుమంది. కప్పు మీద కూర్చున్న ముసలి కనకవ్వ కాళ్ళు చాపుకుందేమో. కూర్చో అవ్వా, కూర్చో, ఇప్పుడు నీకేమీ కాదు, తాళంచెవి నా దగ్గరుంది. ఇప్పుడు కాదు సరే, మరి పొద్దున?

పొద్దున వాన కుండపోతగా కురుస్తుంటే డ్రైవర్ భూమన్న కాస్త మెరక చూసి, మూసి ఉన్న ఎరువుల దుకాణానికి ఆనించి వ్యాను ఆపాడు. దుకాణం స్లాబూ వ్యాను పైకప్పూ ఇంచుమించు ఒక్క ఎత్తున వచ్చాయి, మధ్యలో జానెడు సందు. మంచి జాగా దొరికిందని అందరూ సంబరపడ్డారు, తనతో సహా. ఛత్రి లేపింది, ఉపగ్రహాన్ని పట్టింది, బులెటిన్ మీద బులెటిన్ పంపింది. మునిగిన ఇళ్ళలోంచి ఆడవాళ్ళను తెచ్చి ఆ స్లాబు మీద దింపారని చప్పుడును బట్టి తెలుసు. పాపం తడుస్తున్నారే అనుకుంది కూడా. అనుకుని, స్క్రీన్ మీద సిగ్నల్ గీతలు చూసుకుంటూ బిస్కట్లు తింది. వాన తెరిపిచ్చాక కేబుల్ చూద్దామని కిందికి దిగి తలెత్తితే, ఛత్రికి ముందుకు పొడుచుకొచ్చిన కొమ్మ మీద ఆకుపచ్చ చీర ఆరేసి ఉంది. దాని పక్కన, వ్యాను కప్పు మీద, ఛత్రి వైపు మొహం పెట్టి ఒక ముసలమ్మ మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఆ క్షణాన ఛత్రిలోంచి సిగ్నల్ పైకి పోతూనే ఉంది. లోపలికి ఎట్లా ఉరికిందో, తాళంచెవి ఎట్లా తిప్పి ఆపిందో గుర్తు లేదు, మోకాలు మెట్టుకు కొట్టుకుని చీరుకుపోయిందని మాత్రం ఇప్పుడు సలుపుతుంటే తెలుస్తోంది.

నిచ్చెనెక్కి అడిగింది. "ఎప్పటిసంది కూసున్నవవ్వా ఈడ?"

"తెల్లారంగ తెచ్చి దింపిండ్రు గదా బిడ్డా," అంది కనకవ్వ. "స్లాబు మీద అంత నీళ్ళే నిలవడ్డయి. గిది జర ఎత్తున్నదని గిటు దాటిన. నీ ఛత్రి ముందట పొయ్యి ముందట కూసున్నట్టే ఉండె. తడిసిన పానం గదా, మొకమంత వెచ్చగ అనిపిచ్చింది. ఇప్పుడేంది, సల్లారింది?"

వెచ్చగా. ఆ మాట దగ్గరే నవ్యశ్రీ బుర్ర ఆగిపోయింది, అప్పటి నుంచీ అక్కడే తిరుగుతోంది. ఛత్రిలోంచి వచ్చే తరంగాలకు వాసన లేదు, రంగు లేదు, చప్పుడు లేదు. ఛత్రి వెనక నిలబడితే ఏమీ లేదు, కింద రోడ్డు మీద నడిచేవాళ్ళకు ఏమీ లేదు, అది ఏటవాలుగా పైకి పోతుంది. కానీ ఎదురుగా, దగ్గరగా వస్తే లోపలి మాంసాన్ని తడి తడిగానే కాగబెడుతుంది. వెచ్చగా అనిపించిందంటే ఉండవలసినదానికి ఎన్నో రెట్లు ఒంట్లోకి దిగినట్టే. ముసలమ్మ చలికి వణుకుతూ వచ్చి, వెచ్చగా ఉందని ఇంకాస్త దగ్గరికి జరిగింది. ఎండకైతే కళ్ళు మూసుకుంటాం, మంటకైతే వెనక్కి జరుగుతాం, దీనికి దగ్గరికి జరిగింది! ఎవరు చెప్పారు ఆమెకు జరగొద్దని? వ్యాను వెనక తలుపు మీద పసుపు రంగు హెచ్చరిక ఉండేది, అదీ ఇంగ్లీషులో. దాని మీద ఛానల్ వార్షికోత్సవం స్టిక్కరు అంటించారు. ఇంగ్లీషులో ఉన్నా కనకవ్వకు ఒరిగేది లేదు గానీ, పేరుకైనా ఆ ముక్క కనబడనివ్వలేదే. చుట్టూ పెట్టడానికి ఎర్ర కోన్లు ఇచ్చింది బండి చేసిన కంపెనీ. ఇప్పుడవి కరీంనగర్ ఆఫీసు ముందు, అక్కడి బ్యూరో నడిపే వంశీధర్‌రావు సార్ కారు పెట్టుకునే చోట బారుగా నిలబడి ఉన్నాయి, మరెవరూ బండి పెట్టకుండా. ఆయన కారుకున్న కాపలా ఈ ముసలమ్మ కళ్ళకు లేకపోయింది.

కళ్ళు. అంజన్న కళ్ళు. తనకు ఈ పని నేర్పింది అంజన్నే. మొదటి రోజే ఛత్రి కొమ్మ చివర తరంగాలు వెలువడే మూతిని చూపించి, "దీని ముందట ఎన్నడు నిలవడకు చెల్లే, కంటిగుడ్డుకు వేడిని మోసుకపోయే నెత్తురుండది, వండినట్టే అయితది," అన్నాడు. అన్నవాడు తను నిలబడ్డాడు. వానాకాలంలో ఆ మూతి మీద నీళ్ళు నిలిస్తే బొమ్మ గళ్ళు గళ్ళుగా పగులుతుంది, ఆపి తుడుస్తానంటే డెస్కు వాళ్ళు బూతులు లంకించుకుంటారు, అందుకని లైవ్ నడుస్తుండగానే పైకెక్కి గుడ్డ పెట్టి తుడిచేవాడు, సర్రున పోయి సర్రున వచ్చేవాడు, నవ్వేవాడు కూడా. నలభై దాటకముందే రెండు కళ్ళకూ పొరలు. ఆఫీసు వాళ్ళు షుగర్ అన్నారు, వయసన్నారు, మీ ఇంట్లో ఎవరికన్నా ఉందా అన్నారు. ఇప్పుడు నస్పూర్‌లో గని షిఫ్టు దిగి వచ్చేవాళ్ళకు చాయ్ పోస్తున్నాడు, వచ్చినవాళ్ళను గొంతును బట్టి పేరు పెట్టి పిలుస్తాడు. ఆ తరంగాల వల్లనేనా? ఏమో. కాకపోయినా కాకపోవచ్చు. కాని ఔనో కాదో తేల్చాలంటే కొలిచే మీటరుండాలి, ఆ మీటరు కొనమని అంజన్న అడిగీ అడిగీ నోరు నొప్పి పుట్టి మానుకున్నాడు. కొలవరు, కొలవలేదు కాబట్టి లేదంటారు, లేదు కాబట్టి కొలవడం దండగంటారు. ఎంత తెలివి! పోయిన ఎండాకాలంలో ఇదే ఛానల్ అరగంట ప్రోగ్రాం వేసింది, సెల్ టవర్ల కింద బతుకులు బుగ్గి అని, ఎర్ర అక్షరాలు, ఉరుముల చప్పుడు, పిచ్చుకల బొమ్మలు. ఆ ప్రోగ్రాంలో టవరు ముందు నిలబడి మాట్లాడిన రిపోర్టరు ఈ వ్యాను కప్పు మీదే నిలబడ్డాడు, ఈ ఛత్రిని ఆనుకుని! దాన్ని ఆకాశంలోకి పంపింది తనే. అప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తోంది, తనవీ వాళ్ళవీ.

ఫోను. కష్టంగా కలుస్తోంది, వానకు సెల్ టవర్లు చాలావరకు పడుకున్నాయి. అవి పడుకున్నాయి కాబట్టే ఈ బండికి ఇవాళ ఇంత గిరాకీ, మామూలు రోజుల్లో రిపోర్టర్లు వీపుకు సంచి తగిలించుకుని సిమ్ముల మీదే లైవ్ ఇచ్చేస్తున్నారు. ఇందాక వంశీధర్‌రావు సార్‌కు మొత్తం చెప్పింది, ముసలమ్మ సంగతి, వెచ్చదనం సంగతి. ఆయన ఓపికగానే విన్నాడు, ఆయన ఎప్పుడూ ఓపికగానే వింటాడు, అదే ఒళ్ళు మండే విషయం.

"మూడింటికి గంట సేపు ఫుల్ లైవ్ నవ్యా, స్టేట్ మొత్తం మన బొమ్మే. అప్పటిదాక బంద్ పెట్టుకో, నో ప్రాబ్లం. ఆళ్ళను జర కిందికి దింపు."

"కింద మోకాళ్ళ లోతు నీళ్ళున్నయి సార్. బడి నిండిపోయింది. స్లాబు మీద కాలు పెట్ట జాగ లేదు, అంత మడుగే. బండినే తీద్దాం. రిత్విక్ ఈడ రికార్డు చేస్తడు, మేం హైవే మీదికి పోయి పంపుతం. పావుగంట లేటైతది, అంతే."

"పావుగంటల పక్క ఛానలోడు కొడ్తడు. నీకు తెల్వదా? ఏం ఫికర్ చేయకు, ఎన్నేండ్ల సంది చేస్తలేం? ఒక్క గంటకు ఎవరికేం కాదు."

ఒక్క గంటకు ఎవరికేం కాదు. ఎవరి గంట సార్ అది? మీ గంటా? కరీంనగర్‌లో కూర్చుని, కోన్ల నడుమ కారు పెట్టుకుని, ఎవరి కనుగుడ్ల మీదో ఉదారంగా ఒక గంట ధారపోస్తున్నారే. ఈ మాటలు నోటి దాకా వచ్చాయి. నోట్లోంచి వచ్చింది మాత్రం, సరే సార్. ఆ సరే సార్ ఇప్పటికీ నాలుక మీద చేదుగా ఉంది. లైవ్ ఎవరికి మేలు? నీళ్ళు పెరుగుతున్నాయని వాడలో చెప్పింది ఆటోకు మైకు కట్టుకుని తిరిగిన మున్సిపాలిటీ వాళ్ళు. ఈ వాడలో టీవీలు నీళ్ళలో తేలుతున్నాయి. గోదావరి ఎట్లా ఉందో హైదరాబాదు సోఫాల్లో కూర్చున్నవాళ్ళు చూడాలి, పావుగంట ముందే చూడాలి, అందుకు కనకవ్వ కాగాలి.

జనరేటర్ దడదడ మారింది, భూమన్న డీజిల్ పోస్తున్నట్టున్నాడు. దడదడ, దడదడ, కళ్ళు మూసుకుంటే సాంచెల చప్పుడే. సిరిసిల్లలో పుట్టినవాళ్ళకు ఏ చప్పుడైనా చివరికి సాంచెల చప్పుడే అవుతుంది, షెడ్డు నిండా మరమగ్గాలు, నూలు పొట్టు గాలిలో లేస్తూ, తన తల్లి మూలన కూర్చుని కండెలు చుడుతూ. బాపు సాంబయ్య సాంచెలు బాగుచేసేవాడు. ఏదన్నా సాంచె మొరాయిస్తే పిలుపొచ్చేది, పోయి మొదట చేసే పని దాని ముందు కూర్చోవడం కాదు, గోడ మీది డబ్బా తెరిచి ఫీజు ఊడబీకి లుంగీ బొడ్లో దోపుకోవడం. స్విచ్చి బందు చేస్తే చాలదా బాపూ, అని అడిగింది తను, సద్ది గిన్నె తెచ్చి పక్కన నిలబడి. "స్విచ్చి ఎవడన్న ఏస్తడు బిడ్డా. సోయిలేక ఏస్తడు, తొందరకేస్తడు. ఫీజు నా బొడ్లె ఉంటె ఎవడేస్తడు? చెయ్యి ఎవనిది లోపలుంటదో ఫీజు ఆని దగ్గరనే ఉండాలె." పక్క షెడ్డులో అంతయ్యకు అట్లాగే రెండు వేళ్ళు పోయాయి, చెయ్యి లోపల ఉండగా ఎవరో స్విచ్చి వేశారు. ఎవరు వేశారో ఇప్పటికీ తేలలేదు, అందరూ నేను కాదంటే నేను కాదన్నారు. అప్పటి నుంచి ఆ గల్లీలో అదే రివాజు. ఒకసారి ఆసామి, ఆ సాంచెల యజమాని, వచ్చి గోలపెట్టాడు, ఒక్క సాంచె కోసం అన్నీ ఆపుతవా, మాలు ఎప్పుడు పోవాలె, జల్ది పెట్టు ఫీజు, అని. బాపు తలెత్తలేదు. బొడ్డు తడుముకుని చూసుకున్నాడు, ఉంది, మళ్ళీ చెయ్యి లోపల పెట్టాడు. ఆసామి తిట్టి తిట్టి బయటికి పోయి బీడీ ముట్టించుకున్నాడు.

గట్టిగా తిట్టని మనిషి, గొంతెత్తని మనిషి బాపు. దగ్గుకు సర్కారు దవాఖాన చుట్టూ తిరిగి తిరిగి పోయిన మనిషి. ఆ నూలు పొట్టు కూడా ఎవరూ కొలవలేదు కదా. ఊపిరితిత్తుల్లో ఎంత పోయిందో కొలిచే మీటరు ఏ ఆసామీ కొనలేదు. బాపు ఊపిరి, అంజన్న కళ్ళు, ఇప్పుడు ఈ ముసలమ్మ మొహం. కనిపించని దాన్ని తినిపించడం ఎంత తేలిక! 

వెనక తలుపు దబ్బున తెరుచుకుంది. రిపోర్టర్ రిత్విక్, రెయిన్‌కోటు, మైకు, తలకు దువ్వెన. చెడ్డవాడు కాదు, పొద్దున స్లాబు మీది ఆడవాళ్ళకు తన బిస్కట్ ప్యాకెట్లన్నీ పంచాడు.

"అక్కా, టైం అయితుంది, నేను పైకెక్కుతున్న. కెమెరా స్లాబు మీద పెట్టినం. ఎనక నీళ్ళు, పక్కకు ఛత్రి, ఫ్రేం జబర్దస్త్ ఉన్నది."

"పైకెక్కద్దు రిత్విక్. మంది ఉన్నరు ఆడ."

"ఉంటె మంచిదే గదా. అవ్వతోని రెండు మాటలు మాట్లాడిస్త."

"నీకు అర్థమైతలేదా? నేను పవర్ ఇచ్చినంక ఆ ఛత్రి ముందట మనిషి ఉండద్దు. నువ్వు గూడ ఉండద్దు. అంజన్న కండ్లు జూసినవు గదా?"

 అతను చూశాడు, అంజన్న దగ్గర చాయ్ కూడా తాగాడు. అయినా భుజాలు ఎగరేశాడు. "సార్ జెప్పిండక్కా పైనుంచే ఇయ్యమని. నేనేం జేస్త? నాకు ఫోన్ల మీద ఫోన్లు." నిచ్చెన కిందికి లాగిన చప్పుడు. ఆ నిచ్చెన దగ్గర చిన్న స్విచ్చొకటి ఉంది, నిచ్చెన దించగానే ట్రాన్స్‌మిషన్ తనంతట తనే ఆగిపోవాలని బండి చేసినవాడు పెట్టింది. ఎన్నికల ఫలితాల రోజు ఎవరో నిచ్చెన దించితే కాసేపు బొమ్మ పోయింది, మర్నాడే వంశీధర్‌రావు సార్ మెకానిక్‌ను పిలిపించి అది ఇక పనిచేయకుండా దాని మీదుగా ఒక వైరు ముక్క కట్టించాడు. కట్టినప్పుడు తను పక్కనే ఉంది. స్లాబు మీంచి అడుగేసిన కనకవ్వను ఆ స్విచ్చి కాపాడేది కాదు, నిజమే. కానీ వైరు కట్టిన చెయ్యికి తెలియదా తనేం కడుతోందో? చేసినవాడెవడో తల మీద చెయ్యి వేసి జాగ్రత్త చెప్పినట్టు పెట్టిన దాన్ని, రాగి ముక్కతో నోరు నొక్కేశారు. రిత్విక్ బూట్లు నెత్తి మీద తిరుగుతున్నాయి. అటు, ఇటు, సరిగ్గా ఛత్రి ముందుకు. కనకవ్వ గొంతు ఏదో అంటోంది, అతను నవ్వుతున్నాడు.

స్టూడియో మాటలు వినిపించే టాక్‌బ్యాక్‌లో డెస్కు గొంతు. "లక్సెట్టిపేట, క్యారియర్ లేపండి. సిగ్నల్ రాలేదు మాకు." ఫోను కూడా మొదలైంది, వంశీధర్‌రావు సార్ పేరు వెలిగి ఆరుతోంది. నవ్యశ్రీ తాళంచెవిని రంధ్రంలో పెట్టింది. చెయ్యి అలవాటు కొద్దీ పెట్టేసింది, చెయ్యికేం తెలుసు. తిప్పితే అయిపోతుంది. తిప్పి, తర్వాత మీటరు అడగొచ్చు, మీటింగులో చెప్పొచ్చు, ఇంకోసారి ఇట్లా కాకుండా చూద్దామని అందరూ తలలూపవచ్చు. తిప్పకపోతే ఉద్యోగం పోతుంది, అందులో అనుమానం లేదు, రేపే ఇంకెవరినో పంపిస్తారు, వాడు తిప్పుతాడు. వాడు తిప్పుతాడు కాబట్టి నేను తిప్పనా? ఆ రోజు అంతయ్య సాంచెకు స్విచ్చి వేసినవాడు కూడా ఇట్లాగే అనుకుని ఉంటాడా, ఎవరో ఒకరు వేస్తారు కదా అని? వేళ్ళు పోయినవాడి పేరు ఊరందరికీ తెలుసు. వేసినవాడికి పేరు లేదు. ఇక్కడ మాత్రం పేరుంది. వేసేది నవ్యశ్రీ. నవ్యశ్రీ, సాంబయ్య బిడ్డ.

"లక్సెట్టిపేట, వినిపిస్తోందా? క్యారియర్!"

వినిపిస్తోంది. తాళంచెవి ఊడబీకింది. చున్నీ కొంగులో పెట్టి ముడివేసి, ఆ ముడిని నడుము దగ్గర బిగించి దోపుకుంది. ఫోనును కుర్చీ మీదే వదిలేసి కిందికి దిగింది, ఈ మెరక మీద కూడా నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి, చల్లగా, బురదగా. నిచ్చెన పట్టుకుని ఎక్కింది, చీరుకుపోయిన మోకాలు ప్రతి మెట్టుకూ తన ఉనికి చెప్పింది.

పైన రిత్విక్ చెవిలో వైరు పెట్టుకుని మైకు ఎత్తిపట్టి, స్టూడియో పిలుపు కోసం నవ్వు మొహంతో ఎదురుచూస్తున్నాడు. కెమెరా ఎర్రదీపం వెలుగుతోంది. వెనక గోదావరి ఆ చివర నుంచి ఈ చివర దాకా మట్టిరంగులో కదులుతోంది. నవ్యశ్రీ అతని వైపు చూడకుండా పోయి కనకవ్వ పక్కన, ఛత్రికి సరిగ్గా ఎదురుగా కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆ చోట తను కూర్చోవడం ఇదే మొదలు. చెయ్యి దానంతటదే నడుము దగ్గరికి పోయి ముడి తడుముకుంది. ఉంది.

కనకవ్వ ఇంకా వణుకుతోంది, పలచని రవిక మీద ఎవరిదో తువ్వాల కప్పుకుని. "పైకొచ్చినవా బిడ్డా," అంది. "గీ ఛత్రి మల్ల ఎప్పుడు వెచ్చగైతది? సలి పెడ్తుంది."

"ఇగ కాదవ్వా."

"అయ్యో. ఖరాబైందా?"

"లేదు, మంచిగనే ఉన్నది. నేనే బంద్ చేసిన."

నవ్యశ్రీ ఛానల్ పేరున్న తన రెయిన్‌కోటు విప్పి, అక్షరాలు లోపలికి పోయేలా తిరగేసి, కనకవ్వ భుజాల చుట్టూ కప్పి గొంతు దాకా గుండీలు పెట్టింది. రిత్విక్ ఇటు తిరిగి, "అక్కా, స్టూడియో నన్ను పిలుస్తలేదు, ఏమైంది?" అంటున్నాడు. కింద వ్యానులో ఫోను మోగి ఆగి మళ్ళీ మోగుతోంది. మోగనీ. ఈ కప్పు మీది నుంచి ఆఖరి మనిషి దిగేదాకా తాళంచెవి కొంగు దాటదు. నవ్యశ్రీ లేచి, ఛత్రి కొమ్మ మీది ఆకుపచ్చ చీరను తీసి, ఒక కొస కనకవ్వకిచ్చి, రెండో కొస తను పట్టుకుని నీళ్ళు పిండడం మొదలుపెట్టింది.